ఇది వేరు పట్టే కాలం చెల్లెమ్మా

వందనాలు చెల్లెమ్మా.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఫిబ్రవరిలో నాన్నగారు పోయారు. ఏప్రిల్‌లో మీవారి ట్రాన్స్‌ఫర్‌తో తెనాలి నుంచి వనస్థలిపురం వచ్చేశారు. ఊళ్లో ఇంటికి తాళం, పిల్లలకు కొత్త స్కూలు. నాన్నగారు పెంచిన బొండుమల్లెను వేళ్లతో సహా తవ్వి తెచ్చి బాల్కనీలో కుండీలో పెడితే ఆకులన్నీ రాల్చేసింది. మీకూ ప్రార్థన రావడం లేదు. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ ఒక్క మాటా లోపలికి దిగడం లేదు. కొత్త సంఘంలో ఒక బ్రదర్ గారు, "దేవుడు మిమ్మల్ని కత్తిరిస్తున్నాడు సిస్టర్, సంతోషించండి" అన్నారు. ఇంటికొచ్చి యోహాను సువార్త 15వ అధ్యాయం చదివితే, యేసు ద్రాక్షావల్లి, మనం తీగలం, తోటమాలి అయిన తండ్రి ఫలించే తీగను కత్తిరిస్తాడు, ఫలించని దాన్ని తీసి పారేస్తాడు అనే ఆ మాటలకు సంతోషం రాలేదు, భయం పట్టుకుంది. "నేను ఫలించని తీగనా అక్కా? నన్ను తీసి పారేస్తాడా?" అని అడిగారు. చివర్లో, మల్లెను కూడా మొదలుదాకా కత్తిరించమంటారా అని అడిగారు.

నేను 30 ఏళ్లు స్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. మల్కాజిగిరిలో మా డాబా మీద 19 ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నాను. సండే స్కూల్లో ఇప్పటికీ పాఠం చెబుతున్నాను. ముందు మల్లె సంగతి చూద్దాం. అది తేలితే రెండోది చాలావరకు తేలుతుంది.

కత్తెర పక్కన పెట్టండి. మల్లె కొమ్మ మీద ఒకచోట, నేలకు జానెడు ఎత్తులో, బొటనవేలి గోటితో మెల్లగా గీకండి. పైన గోధుమ రంగు పొర లేస్తుంది. కింద పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. కొమ్మ పుల్లలా పొడిగా, గోధుమ రంగులోనే ఉంటే ఇంకొంచెం కిందికి వచ్చి మళ్లీ గీకండి. కొసలు ఎండినా మొదట్లో పచ్చదనం ఉండొచ్చు. మీరు చెప్పిన దాన్ని బట్టి నాకైతే ఉంటుందనే నమ్మకం. ఆకు రాల్చడం చావు కాదు. వేళ్లు నీళ్లు అందించలేనప్పుడు చెట్టు తన ప్రాణం కాపాడుకోవడానికి చేసే పని అది.

మొక్క నీళ్లు తాగేది లావు వేళ్లతో కాదు. వేరు కొసల దగ్గర కంటికి ఆనని నూగులాంటి కేశాలుంటాయి, వాటితో తాగుతుంది. ఎంత జాగ్రత్తగా తవ్వినా అవి తెగుతాయి. పైన ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. అందుకే మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతుంది. మీరు తెనాలి మనిషి, మీకు నేను చెప్పాలా? నారు పీకి నాటిన మడి వారం పది రోజులు ఎలా ఉంటుందో చూసే ఉంటారు. పసుపు తిరిగి, తలలు వాల్చి, చూసేవాళ్లకు పైరు పోయిందనిపిస్తుంది. రైతు కంగారుపడడు. నీళ్లు నిలబెట్టి ఊరుకుంటాడు. తర్వాత ఒకరోజు గట్టు మీద నిలబడి "వేరు పట్టింది" అంటాడు. పిలకలు ఆ తర్వాతే.

మీకు జరిగింది కూడా ఇదే అని నా మనసుకు గట్టిగా అనిపిస్తోంది. కత్తిరించడం వేరు, పెకలించి మార్చి నాటడం వేరు. ఆ బ్రదర్ గారు మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ కష్టం వచ్చిన ప్రతి విశ్వాసికీ "కత్తిరింపు" అని చీటీ అంటించడం మన సంఘాల్లో బాగా అలవాటైపోయింది. నాకది బాధగా ఉంటుంది. ఆ మాట ఎంత లోతైనదో తోట పని చేసినవాళ్లకు తెలుస్తుంది కాబట్టి.

మా పెదనాన్నకు మేడ్చల్ వైపు ద్రాక్ష పందిరి ఉండేది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పెద్ద పేరు. ఇప్పుడు ఆ తోటలున్న చోట చాలావరకు వెంచర్లే కనిపిస్తాయి. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్తే పందిరంతా బోసిగా ఉండేది. ఏప్రిల్ కోత, అంటే కొమ్మల కత్తిరింపు, అయిపోయి, చిగురు వచ్చే కన్నులు ఒకటి రెండు మాత్రం వదిలిన మోళ్లు మిగిలేవి. ఏడుపొచ్చేది నాకు. యేసు ప్రభువు నడిచిన దేశంలో చలికాలంలో ద్రాక్ష నిద్రపోతుంది, అప్పుడే కోస్తారు. మన దక్కనులో దానికి ఆ నిద్ర లేదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కోస్తారు, పంట మాత్రం ఒక్కటే. ఏప్రిల్ కోత పండు కోసం కాదు, కొత్త కొమ్మ కోసం. ఆ కొమ్మ ముదిరే నెలల్లో దాని కన్నుల లోపల, బయటికి ఏమీ కనబడకుండా, రాబోయే గుత్తి రూపు కట్టుకుంటుంది. అక్టోబర్ కోత తర్వాత గాని అది బయటపడదు. మే నెలలో పందిరి కింద నిలబడి "పండేదీ?" అని అడిగినవాడిని మా పెదనాన్న కోప్పడేవాడు కాదు, పొలం తెలియనివాడు అనుకునేవాడు.

ఇంకోటి. ఆయన ఎప్పుడూ నాటి నిలదొక్కుకున్న తీగనే కోసేవాడు. ఆ ఏడాది పెట్టిన అంటు మీద కోతకు కత్తెర పెట్టడం నేను చూడలేదు. దానికి కర్ర పాతి, మెత్తటి దారంతో కట్టి, కుదుట్లో నీళ్లు పోసేవాడు. మీ మల్లెకైనా అంతే. తెనాలిలో నాన్నగారు చలికాలంలో మల్లెకు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి ఉంటారు, మార్చికల్లా మొగ్గలు విరగబూయడానికి. ఆ కత్తెరను ఆ చెట్టు తట్టుకుంది, ఎందుకంటే దాని వేళ్లు ఆ నేలలో ఏళ్లుగా దిగి ఉన్నాయి. అదే కత్తెర ఇప్పుడు రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, నిన్నగాక మొన్న కుండీలోకి వచ్చిన చెట్టు మీద పెడితే చచ్చిపోతుంది. చెట్టు ఒకటే, కత్తెర ఒకటే, కాలం వేరు. మన తండ్రి ఆ తేడా తెలియని తోటమాలి అనుకోను నేను.

ఇక మీ భయం. దాన్ని దాటేసి వెళ్లను. 15వ అధ్యాయం రెండో వచనంలో ఫలించని తీగను తీసి పారవేయడం గురించి ఉంది, ఆరో వచనంలో మంట గురించి ఉంది. కఠినమైన మాటలే. వాటిని తీపి చేసి చెప్పను. "తీసి పారవేయును" అన్నచోట గ్రీకు మాటకు "పైకెత్తును" అనే అర్థం కూడా ఉందని, నేల మీద పడ్డ తీగను ఎత్తి పందిరికి కట్టడం అని కొందరు బోధిస్తారు. పండితులందరూ ఒప్పుకోరు. మీ ధైర్యాన్ని దాని మీద కట్టను, అంతకంటే గట్టి నేల అక్కడే ఉంది.

మొదటిది, ఆరో వచనం వరుస చూడండి. నిలిచి ఉండనివాడు పారవేయబడి ఎండిపోతాడు. ముందు విడిపోవడం, తర్వాత ఎండడం. ఎండినట్టు కనిపించిన దాన్నల్లా ఏరి పారేస్తానని అక్కడ లేదు. రెండోది, కత్తిరించడానికి యోహాను వాడిన గ్రీకు మాటకు అసలు అర్థం శుభ్రం చేయడం. వెంటనే మూడో వచనంలో, నా మాట వల్ల మీరు ఇప్పటికే పవిత్రులు అంటాడు ప్రభువు, అదే మాట మూలంతో. ఆ మాట ఎవరితో అన్నాడు? ఆ రాత్రే తనను వదిలి పారిపోబోయే శిష్యులతో. ఆయనను పట్టివ్వబోయే యూదా అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. మిగిలిన పదకొండు మందిలో ఒకడు, పేతురు, కోడి కూయకముందే ముమ్మారు "ఆయనెవరో నాకు తెలియదు" అంటాడు. ఆ పదకొండు మందిలో ఎవరినీ ఆయన పారేయలేదు.

మూడోది నా అనుభవం. ఎండుపుల్లను గోటితో గీకితే దానికేమీ అనిపించదు. ప్రార్థన రావడం లేదని మీరు ఏడుస్తున్నారు, రాత్రి పదకొండింటికి కూర్చుని ఇంత పొడుగు ఉత్తరం రాశారు. ఆ ఏడుపే గోటి కింద కనబడే పచ్చదనం.

మొదటి కీర్తన మీకు కంఠస్థమే అయి ఉంటుంది. నీటికాలువల యోరన నాటబడిన చెట్టు. అక్కడ "నాటబడిన" అన్నదానికి ఉన్న హీబ్రూ మాటను చాలామంది "మార్చి నాటబడిన" అని వివరిస్తారు. విత్తనం పడి దానంతట మొలిచిన చెట్టు కాదు, ఎవరో ఒకచోట నుంచి తెచ్చి కాలువ ఒడ్డున నాటిన చెట్టు. అది తెలిసిన రోజు నేను డాబా మీద చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఖమ్మం నుంచి పెళ్లయి ఈ ఊరు వచ్చిన నాకు అదెంత ఆదరణో చెప్పలేను. దానికి ఆనుకునే ఉంది "తన కాలమందు ఫలమిచ్చు" అన్న మాట. ఏడాది పొడుగునా ఫలమిస్తుందని లేదు.

మీరు తెనాలి కాలవ గట్టున పెరిగారు కాబట్టి ఒకటి చెబుతాను. ఆ కాలవలో పారేది కృష్ణ. నాగార్జునసాగర్ నుంచి పైపుల్లో మీ వనస్థలిపురం వైపు కొళాయిల్లోకి వచ్చేదీ ఆ కృష్ణే. ఊరు మారింది, నేల మారింది, నది మారలేదు. రేపు బిందె పట్టుకునేటప్పుడు ఒక్కసారి గుర్తు చేసుకోండి, చాలు.

ఇప్పుడు కుండీ దగ్గరికి మళ్లీ రండి. మీరు పంపిన ఫోటోలో నాకు ఒకటి కనిపించింది, అదే అసలు చిక్కు అనుకుంటున్నాను. చెట్టు మొదట్లో నల్లమట్టి ముద్ద ఉంది, తెనాలిది. దాని చుట్టూ నర్సరీవాళ్లు ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి నింపారు. నల్లమట్టి ఎండితే బిగుసుకుని కుంచించుకుపోతుంది. మీరు పైనుంచి చెంబుతో పోసిన నీళ్లు ఆ ముద్దను తాకకుండా పక్కనున్న వదులు మట్టిలోంచి జారి, కింద రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తాయి. కింద నీళ్లు కారుతున్నాయి కదా, తాగిందనుకుంటాం. లోపల వేరు దాహంతోనే ఉంటుంది. ఇంకా పోస్తే అడుగు కుళ్లుతుంది, నడుమ ఎండుతుంది.

చాలామంది ఇక్కడ పాతమట్టిని దులిపి, కడిగి పారేస్తారు. వద్దు, మిగిలిన వేళ్లన్నీ ఆ ముద్దలోనే ఉన్నాయి. ఒక టబ్బులో నీళ్లు పోసి కుండీని అందులో మూడొంతులు మునిగేలా అరగంట ఉంచండి. మొదట బుడగలు బుడబుడమని వస్తాయి. అవి ఆగేదాకా ఉంచి, తీసి, నీళ్లు ఓడ్చనివ్వండి. మళ్లీ పైమట్టి వేలి మొదటి కణుపు దాకా ఆరితేనే ఇలా చేయండి. రెండు మూడుసార్లకు నల్లమట్టి మెత్తబడుతుంది. అప్పుడు వేళ్లు వాటంతట అవే పాతమట్టి దాటి కొత్తమట్టిలోకి వెళ్తాయి. ఎవరూ లాగనక్కర్లేదు.

మీ ఆత్మ సంగతి కూడా నాకు ఇలాగే కనబడుతోంది. మీ వేళ్లున్నది నాన్నగారి మట్టిలో. తెల్లారి ఆయన హార్మోనియం మీద పాడిన పాత కీర్తనలు, చాపల మీద కూర్చునే సంఘం, మెల్లగా సాగే ఆరాధన. ఇక్కడ డ్రమ్స్, కీబోర్డు, స్క్రీన్ మీద పరుగెత్తే పాటలు, రెండున్నర గంటల ప్రసంగం. అది తప్పని అనను, అందులోనూ దేవుడున్నాడు. కానీ ఆ నీళ్లు మీ పక్కనుంచి జారిపోతున్నాయి. "ఇంత వాక్యం వింటున్నా దిగడం లేదు" అని రాశారు చూడండి, అదే ఇది. పాతదాన్ని కడిగేసుకోవాలని చూడకండి. నాన్నగారు పాడిన కీర్తన ఒక్కటి తీసుకోండి. రోజూ సాయంత్రం వంటింట్లోనే, గొంతు వస్తే పాడండి, రాకపోతే చదవండి. పది నిమిషాలు. అందులో మునిగి ఉండండి. బుడగల్లా ఏడుపు వస్తుంది, రానివ్వండి.

యిర్మీయా 29వ అధ్యాయంలో 11వ వచనం, మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే మాట, మనందరి క్యాలెండర్ల మీదా ఉంటుంది. ఆ మాట ఉన్నది యిర్మీయా ప్రవక్త రాసిన ఒక ఉత్తరంలో, అది ఎవరికి రాశారో మాత్రం మర్చిపోతాం. సొంత ఊరి నుంచి పెకలించి బబులోనుకు తీసుకుపోయినవాళ్లకు. వాళ్లకు దేవుడు మొదట చెప్పిన పనుల్లో తోటలు నాటుకోమన్నది ఒకటి. మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించమనీ చెప్పాడు. ఊరు తలచుకుని ఏడవొద్దని అయితే ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఎరువు సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. వాడిన మొక్కను చూడగానే మన చెయ్యి ఎరువు డబ్బా మీదికి పోతుంది. తెగిన వేళ్లకు ఎరువు వేస్తే ఆ లవణాలు వేరులో ఉన్న కాస్త నీటిని కూడా బయటికి లాగేస్తాయి. పచ్చిపేడ అయితే మరీ ప్రమాదం, మట్టిలో కుళ్లుతూ వేడి పుట్టించి వేరును మాడుస్తుంది. నెలల తరబడి మాగిన పేడ అయితే చేత్తో తీసినా మట్టివాసనే వస్తుంది, అదే మొక్కకు బలం. 2009లో మా ఆయన పోయినప్పుడు పదకొండో రోజున నన్ను ఒక కూటంలో నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నారు. కాదనలేక చెప్పాను. దేవుడు మంచివాడు, అంతా మేలుకే అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఇంటికొచ్చి ఆయన చెప్పులు చూసి గుమ్మంలోనే కూలబడ్డాను. ఆ తర్వాత ఏడాదిన్నర నోరు విప్పి ప్రార్థించలేకపోయాను. నేను చెప్పిన మాట అబద్ధం కాదు, అది ఇంకా మాగలేదు. ఇప్పుడు అదే మాట ఎవరింట్లోనైనా చెబితే వాళ్లకు పనికొస్తోంది. లూకా 13లో కాయని అంజూరపు చెట్టును యజమాని నరికేయమన్నప్పుడు తోటమాలి ఇంకో ఏడాది అడిగి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. ఎరువు కంటే ముందు ఆయన అడిగింది గడువు.

కాబట్టి ఎవరైనా ఇప్పుడే సాక్ష్యం చెప్పమంటే "కొంచెం సమయం ఇవ్వండి" అనండి. కొత్త సంఘంలో సండే స్కూల్, స్త్రీల కూటం, క్వయర్ మూడూ ఒప్పుకున్నానని రాశారు. మొక్కను మార్చి నాటేటప్పుడు కొన్ని ఆకులు తుంచుతాం, వేరు మోయలేని భారం తగ్గడానికి. రెండు వదిలేయండి. క్వయర్ ఉంచుకోండి, పాడడం మీకు ఇష్టమని మీ ఉత్తరమంతా తెలుస్తోంది. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చనిపోతానన్నప్పుడు దేవదూత ఆయనకు ప్రసంగం చెప్పలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, లేపి మళ్లీ పెట్టాడు. అడగాల్సిన ప్రశ్న దేవుడు నలభై రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర అడిగాడు.

ఒక్కటి మాత్రం సీరియస్‌గా అడుగుతున్నాను. మీరు రాసినట్టు తిండి సయించకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం ఇన్ని వారాలుగా ఉన్నాయంటే డాక్టర్‌ను కలవండి. మొక్కకు చీడ పడితే మందు కొట్టకుండా ప్రార్థన ఒక్కటే చేస్తామా? బతకాలని లేదనిపించే క్షణం వస్తే ఆలస్యం చేయకుండా మీవారికి చెప్పండి, ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. అలా చేస్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు. నేనూ 2010లో ఆరు నెలలు మందులు వాడాను.

ఇక మల్లె. దాన్ని బాల్కనీ రెయిలింగ్ దగ్గర్నుంచి లోపలికి, గోడ పక్కకు జరపండి. పొద్దుటి ఎండ గంట తగిలితే చాలు. గ్రీన్ షేడ్ నెట్ ఉంటే కట్టండి, లేదంటే పాత కాటన్ చీర చాలు. మృగశిర వచ్చి నాలుగు వానలు పడేదాకా కత్తెర, ఎరువు రెండూ ముట్టుకోకండి. అప్పటికి ఎక్కడో ఒక కణుపు దగ్గర గింజంత ఉబ్బు కనబడాలి. దానికి పైన పూర్తిగా ఎండిన ముక్క ఉంటే అంతవరకే తీసేయండి. ఈ ఏడాది పూలు అడగొద్దు. ఆ ఉబ్బు కనిపించిన రోజు ఫోటో తీసి పంపండి, తర్వాత ఏం చేయాలో అప్పుడు చెబుతాను. ఆగస్టులో మా డాబా మీద కొమ్మ అంట్లు కడతాను, వీలైతే మల్కాజిగిరి రండి. మీ చెట్టు నుంచి ఒక పుల్ల తెచ్చుకుంటే రెండో కుండీలో నాటుదాం, నాన్నగారి మల్లె ఒక్క కుండీని నమ్ముకుని ఉండకూడదు.